వయసు మీరాక జట్టు మారొచ్చా?

ప్రశ్న: నలభై ఏళ్ల వయసులో ఫార్ములా వన్ రేసర్ హామిల్టన్ మెర్సిడెస్‌ను వదిలి ఫెరారీకి వెళ్లడం పొరపాటేనా? కెరీర్ చివర్లో రేసర్లు ఉన్నచోటే ఉండటం మేలు కాదా?
– ఓ పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: పొరపాటని నేననను. వయసు కన్నా ముందు చూడాల్సింది కారు. అలెన్ ప్రాస్ట్ ఏడాది విరామం తర్వాత 1993లో విలియమ్స్‌లో చేరి, 38 ఏళ్లకు నాలుగోసారి ప్రపంచ విజేత అయ్యాడు. అప్పట్లో అన్నిటికన్నా మేటి కారు అదే. అలోన్సో 41 ఏళ్లకు ఆస్టన్ మార్టిన్‌కు మారి, 2023లో 8 సార్లు పోడియం ఎక్కాడు.

హామిల్టన్‌కు 2025లో అలా కలిసిరాలేదు. షాంఘైలో స్ప్రింట్ అనే చిన్న రేసు గెలిచినా, ఒక్క గ్రాండ్ ప్రిలోనూ మొదటి మూడు స్థానాల్లో నిలవలేదు. మెర్సిడెస్‌లో 12 సీజన్లు నడిపినవాడు కొత్త బ్రేకులకు, స్టీరింగ్ మీటలకు, కొత్త రేస్ ఇంజినీర్ మాటతీరుకు అలవాటు పడాలి. టెస్టింగ్‌పై నిబంధనలు గట్టిగా ఉండటంతో ఆ నేర్చుకోవడం చాలావరకు రేసుల మధ్యే సాగాలి.

అందుకే నా సలహా: రెండు మూడేళ్ల ఒప్పందం, నమ్మకమైన ఇంజినీర్లు, కారు తయారీలో తన మాటకు విలువ దక్కితేనే మారాలి. కేవలం జట్టు పేరు చూసి వెళ్లకూడదు. ఏడు టైటిళ్లు గెలిచాక కూడా మళ్లీ మొదటినుంచి నేర్చుకోవడానికి సిద్ధపడిన హామిల్టన్ ధైర్యాన్ని మాత్రం మనసారా గౌరవిస్తాను.