గ్రహణం రోజు కూర తరిగితే చెవుడొస్తుందా?

ప్ర: మాది నేతపని. నన్ను సొంత మేనమామకే ఇచ్చారు. బాబుకు బాగా వినిపిస్తుంది. ఏడాదిన్నర పాపకు మాత్రం పుట్టుచెవుడన్నారు. కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం రోజు కూరగాయలు తరిగానని మా అవ్వ (ఇప్పుడు అత్త కూడా) రోజూ ఎత్తిపొడుస్తోంది. మా రెండు వైపులా చెవిటివాళ్లు లేరు.
– ఓ తల్లి, ధర్మవరం

జ: గ్రహణాన్నీ కత్తిపీటనూ వదిలేయండి. ‘రెండు వైపులా’ అన్నారు గానీ, మేనమామను చేసుకున్నాక మీకున్నది చాలావరకు ఒకటే వైపు. కిటుకంతా అక్కడే ఉంది.

దాదాపు ప్రతి జన్యువూ మనకు రెండు ప్రతులుగా వస్తుంది, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఈ రకం చెవుడులో ఒకటి చెడినా రెండోది పని నెట్టుకొస్తుంది. లోపం ఉన్నట్టే తెలియదు. చెడ్డ ప్రతులు రెండూ ఒకే బిడ్డకు చేరితేనే చెవుడు. మీ అవ్వలోనో తాతలోనో ఉన్న ఒక చెడ్డ ప్రతి ఇటు మీ ఆయనకు, అటు మీ అమ్మ మీదుగా మీకు వచ్చి ఉండొచ్చు. నింద వేస్తున్న ఆవిడే మోసుకొచ్చిందేమో! అలాగని ఆవిడను అనకండి, ఆవిడకు మాత్రం ఏం తెలుసు? అదే కారణమైతే ప్రతి కాన్పుకూ ప్రమాదం నాలుగింట ఒక వంతు. ‘ఒకరికి వచ్చేసింది కదా, ఇక రాదులే’ అనే లెక్క చెల్లదు.

జన్యు పరీక్షలో ముందుగా చూసేది జీజేబీ2 అనే జన్యువును. దీనికీ పుట్టుచెవుడుకీ ఉన్న ముడి 1997లో బయటపడింది. లోచెవి కణాల మధ్య పొటాషియం సాగడానికి దారి వేసే కనెక్సిన్ 26 అనే ప్రొటీన్ దీని చలవే. అది 226 అమైనో ఆమ్లాల గొలుసు. మన దేశంలో ఎక్కువగా కనిపించే డబ్ల్యూ24ఎక్స్ మార్పులో 24వ దగ్గరే ‘ఇక ఆపు’ అన్న సంకేతం పడుతుంది. మీ భాషలో చెప్పాలంటే, జాకార్డు అట్టలో ఒక్క రంధ్రం తప్పుపడి, చీర మొదట్లోనే మగ్గం ఆగిపోయినట్టు.

ప్ర: ఎనిమిది నెలల మనవడు పిలిస్తే పలకడు. పళ్లెం మోగిస్తే మాత్రం తిరుగుతాడు. మాటలు వచ్చేదాకా ఆగమంటున్నారు.
– ఓ తాత, పెనుకొండ

జ: ఆగకండి. పళ్లెం కొట్టేటప్పుడు మీ చెయ్యి కదులుతుంది, నీడ పడుతుంది, నేల అదురుతుంది. చెవిటి పిల్లలు వీటిని భలే పసిగడతారు. ఓఏఈ, బెరా అనే వినికిడి పరీక్షలు చేయించండి. బెరా పిల్లాడు నిద్రపోతుండగానే చేస్తారు. పుట్టిన నెలలోపు వడపోత, మూడు నెలలకు నిర్ధారణ, ఆరు నెలలకు వినికిడి యంత్రం అన్నది వైద్యుల లెక్క. మీరు ఇప్పటికే వెనకబడ్డారు. కాక్లియర్ ఇంప్లాంట్ అవసరమైతే ఎన్టీఆర్ వైద్య సేవ (మునుపటి ఆరోగ్యశ్రీ) గురించి ఆసుపత్రిలో అడగండి. వయసు పరిమితి ఉంటుంది కాబట్టి రేపటికి వాయిదా వేయొద్దు. బెంగళూరు దాటి వెళ్లగలిగితే మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ ఉంది.

ప్ర: నాకూ, నేను చేసుకోవాలనుకుంటున్న అమ్మాయికీ పుట్టుచెవుడు. పిల్లలంతా చెవిటివాళ్లే అవుతారని పెద్దలు ఒప్పుకోవడం లేదు.
– ఓ యువకుడు, హిందూపురం

జ: చెవుడు తెచ్చే జన్యువులు వందకు పైనే ఉన్నాయి. మీ ఇద్దరిలోనూ జీజేబీ2 రెండు ప్రతులూ చెడి ఉంటే పెద్దల మాట నిజమే. మీది ఒక జన్యువు, ఆ అమ్మాయిది ఇంకొకటి అయి, రెండూ ఇలా జంటగా చెడితేనే చెవుడు తెచ్చే రకమైతే పిల్లలకు మామూలుగానే వినిపిస్తుంది. రక్తపరీక్ష చేయించి తేల్చుకోండి. డాక్టరు దగ్గరికి సైగల భాష వచ్చినవారిని వెంటబెట్టుకెళ్లండి, లేకపోతే మీ బదులు పెద్దలే మాట్లాడేస్తారు.