ఫొటోలో ఉన్నది మనిషేనా?

మీ చేతికి ఒక అమ్మాయి ఫొటో ఇచ్చి, "ఈమె మనిషా, కాదా?" అని అడిగితే ఏమంటారు? "ఇదేం ప్రశ్న! కళ్ళు, ముక్కు, పెదవులు కనబడుతూనే ఉన్నాయిగా!" అంటారు. కాస్త ఆగండి.

లండన్‌లో నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ అనే చిత్రశాల ఉంది. దాన్ని 1856లో స్థాపించారు. అక్కడి గోడలనిండా మనుషుల రూపచిత్రాలే. 1993లో అక్కడ ఫొటోల పోటీ ఒకటి మొదలైంది. ఎన్నికైన చిత్రాలను ప్రదర్శనకు పెడతారు. ఫొటోలో ఉన్నది ప్రాణమున్న వ్యక్తి అయి ఉండాలన్నది 2017లో పోటీ నియమాలలో ఒకటిగా ఉండేది.

2017 పోటీలో మొదటి బహుమతి మాలి దేశపు 16 ఏళ్ళ కుర్రవాడి చిత్రానికి వచ్చింది. 2016 ఆగస్టులో, లిబియా తీరానికి దూరంగా నడిసముద్రంలో అతణ్ణి రక్షించిన కొద్దిసేపటికే స్పెయిన్‌కు చెందిన సెసార్ దెస్ఫూలి ఆ ఫొటో తీశాడు. ఫిన్లండ్ కళాకారిణి మైయా తమ్మి తీసిన చిత్రానికి మూడో బహుమతి వచ్చింది. అందులో ఉన్నది ఎరికా. ఆమె మనిషి కాదు. జపాన్ శాస్త్రజ్ఞుడు హిరోషి ఇషిగురో బృందం తయారుచేసిన మరమనిషి! ఈ రెండు ముఖాలూ ఒకే ప్రదర్శనలో ఉండడం విచిత్రమే కదూ!

మరి ఫొటోలో మరమనిషి మనిషిలా ఎలా కనబడుతుంది? ముందు చర్మం సంగతి చూద్దాం. చీకటి గదిలో టార్చిలైటు వెలిగించి, దాని అద్దాన్ని వేళ్ళతో మూయండి. వేళ్ళు ఎర్రగా మెరుస్తాయి. అంటే, కాంతి చర్మం మీదే ఆగిపోవడం లేదన్నమాట. కొంత లోపలికి దిగి, చెదిరి, మళ్ళీ బయటికి వస్తోంది. రక్తం మిగతా రంగులను ఎక్కువగా పీల్చుకోవడంవల్ల మనకు ఎరుపు మిగులుతుంది. ఇప్పుడు టార్చికి మట్టిబొమ్మను అడ్డం పెట్టండి. మెరుపే ఉండదు. అందుకే బొమ్మ ముఖం జీవం లేనట్టుంటుంది. ఎరికా చర్మం సిలికోన్‌తో చేసింది. అందులోకీ కాంతి కొంత దిగుతుంది.

అయినా ఎదురుగా నిలబడి చూస్తే గుట్టు బయటపడుతుంది. మనం నిమిషానికి సుమారు 15 సార్లు రెప్పలు ఆర్పుతాం. కనుగుడ్లు క్షణం కుదురుగా ఉండవు. పెదవి చివర చిన్న కదలిక తేడాగా ఉన్నా మన మెదడు ఇట్టే పసిగడుతుంది. 1970లో మసహిరో మోరి అనే జపాన్ ఇంజనీరు ఒక విషయం రాశాడు: యంత్రం మనిషిని దాదాపుగా పోలి, పూర్తిగా పోలకపోతే మనకు ఏదో జంకు పుడుతుంది, అది కదిలితే ఆ జంకు ఇంకా పెరుగుతుంది. కెమెరా పట్టుకునేదేమో సెకనులో చిన్న ముక్క. ఎరికాను పట్టించే కదలికలేవీ అందులో లేవు.

నియమం ప్రకారం ఈ చిత్రాన్ని తీసేయాలి కదా అంటారేమో! చిత్రశాలవారు తీసేయలేదు. చిత్రాన్ని అలాగే ఉంచి, నియమాన్ని మళ్ళీ పరిశీలిస్తామన్నారు. ఇంతకీ ఆ చిత్రానికి తమ్మి పెట్టిన పేరేమిటో తెలుసా? "వారిలో ఒకరు మనిషి".