శునకముల గాయములు - మూలకణ చికిత్స

కుక్కలకు పుండ్లు వానియంతట నవియే మానునని మనలో ననేకులు తలంతురు. వీపుమీదనో ప్రక్కమీదనో తగిలిన గాయముల విషయమున నీమాట కొంతవఱకు నిజమే. అచ్చట చర్మము వదులుగా నుండుటచేత గాయపుటంచులు దగ్గఱకు లాగుకొని కలిసికొనును. కాలి దిగువ భాగమున నట్లు కాదు. అచ్చటి చర్మము బిగువు. బండిచక్రము క్రిందఁ బడి ముంగాలి చర్మమూడిపోయిన కుక్క నొకదానిని మేము చూచితిమి. రెండు నెలలైనను పుండు పూడలేదు. పిల్లలు దానిపైఁ గిరసనాయిలు పోయుచుండిరి. అది బ్రతికియున్న కణములనుగూడఁ జంపును. కాలు తీసివేయవలసి వచ్చునేమో యని యజమానుఁడు దిగులుపడుచుండెను. ఆ కుక్కయే యీ వ్యాసమునకుఁ గారణము.

గాయము కాఁగానే నెత్తురు గడ్డకట్టును. పిమ్మటఁ దెల్లకణములు వచ్చి సూక్ష్మజీవులను, చచ్చిన కండను తొలఁగించును, ఇదియే వాపు. అది తగ్గినపిదప సన్నని రక్తనాళములతో నెఱ్ఱని క్రొత్తకండ పుట్టును. అంచులనుండి చర్మపుఁ బైపొర దానిమీదికిఁ బ్రాఁకును. మానని పుండ్లలోఁ దఱచుగా వాపే యెడతెగక సాగుచుండును.

తనవంటి కణములను బుట్టించుకొనుచు, నవసరమైనపుడు వేఱొకపనికిఁ దగిన కణముగా మాఱఁగల దానిని మూలకణమందురు. 1961లోఁ గెనడాదేశపు టొరంటో నగరమున టిల్, మెకల్లక్ అను వారు చుంచెలుకల యెముక మూలుగులో నెత్తురును బుట్టించు నట్టి కణములున్నవని చూపిరి. ఎముకను, మృదులాస్థిని, క్రొవ్వును బుట్టింపఁగల మఱియొకజాతి కణములును మూలుగులోఁ గలవు. అట్టివి క్రొవ్వులోను గలవని 2001లో నమెరికాలో వెల్లడియైనది. మూలుగు తీయుటకంటెఁ గ్రొవ్వు తీయుట సులభము గనుక నిది పశువైద్యులకు మేలైనది.

కుక్కకు మత్తిచ్చి కొంచెము క్రొవ్వు తీయుదురు. దానిని గడిగి, కొల్లాజినేసు అను ఎంజైముతో విడఁగొట్టి, గిరగిర త్రిప్పు యంత్రమునఁ గణములను వేఱుచేసి, దేహపు వేడికి సరియైన పెట్టెలోఁ బోషకద్రవమునందుఁ బెంచుదురు. లక్షలకొలఁదిగా నైనపిదపఁ బుండుచుట్టును సూదితో నెక్కింతురు.

ఆ కణములే క్రొత్తచర్మముగా మాఱునని మేమును మొదటఁ దలంచితిమి. కాని వానిలోఁ బెక్కు కొలఁదికాలములోనే నశించును. మేలు ముఖ్యముగా నవి స్రవించు పదార్థములవలననే కలుగును. అవి వాపును జల్లార్చును, రక్తనాళములను మొలిపించును, చుట్టునున్న కణములను బనికిఁ బురికొల్పును. పొరుగూరి మేస్త్రీ తాను గోడ కట్టక యూరికూలీలచేతఁ గట్టించి వెడలిపోయినట్లన్నమాట!

కొన్ని ప్రయోగములలోఁ గుక్కల పుండ్లు త్వరగా మూసికొన్నవి. అయితే యాపరీక్షలలోఁ బెక్కు కొద్దికుక్కలపై జరిగినవే. కణములు తీయు విధమును, కొలఁతయు నొక్కొకచో నొక్కొకరీతి. కావున నిది యింకను సామాన్య చికిత్స కాలేదు, వ్యయమును హెచ్చు. చీమును, చచ్చిన కండయు నుండఁగాఁ గణములు వేసినఁ బ్రయోజనముండదు. కంతులున్న జంతువుల విషయమున వైద్యులు మిక్కిలి జంకుదురు. పెరుగుదలను బురికొల్పునది కంతినిగూడఁ బురికొల్పునేమో యని వారి భయము. ఏ పుండైనను మాన్పుదుమని ప్రకటించువారి మాటలు మాకు నమ్మఁదగినవిగాఁ దోఁపవు.

మేము చెప్పిన కుక్కకీ చికిత్స జరుగలేదు. పశువైద్యుఁడు చచ్చిన కండ తీసి, పుండు శుభ్రమగువఱకుఁ గట్లు మార్చి, పిదపఁ బ్రక్కనుండి చర్మము తీసి యతికించెను. కాలు నిలిచినది. అచ్చట రోమములు మాత్రము వేఱొక దిక్కునకు మొలచినవి.