నిరీక్షణయు బేస్‌బాల్ ఆటయు



పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రికలో విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ యను మూడును ఒక్కచోట చెప్పబడియున్నవి. మొదటిదానిని గూర్చియు కడపటిదానిని గూర్చియు ప్రసంగములు విస్తారముగా వినుచుందుము. నడిమిది తఱచుగా మఱవబడుచున్నది. తెలుగు బైబిలును సిద్ధపఱచిన పండితులు ఇచ్చట 'ఆశ' యను మాటను గైకొనక 'నిరీక్షణ' యను మాటను ఏర్పఱచుట గమనింపదగినది. ఆశ యనగా కోరిక. దానికి పేరాశ, దురాశ యను చుట్టములు గలవు. నిరీక్షణ యనగా ఎదురుచూచుట. వచ్చువాడు వచ్చునని యెఱిగి వాకిట నిలుచుట. ఈ భేదమును నాకు మిక్కిలి ప్రియమైన యొక యాటను ఆధారము చేసికొని వివరింప నుద్దేశించితిని. అది అమెరికావారి బేస్‌బాల్.

క్రికెట్టు నెఱిగిన మీకు దీనిని బోధించుట కష్టము గాదు. బంతి విసరువాడు దానిని నేలను తాకనీయక విసరును. ఎదుటివాడు గుండ్రని కఱ్ఱతో కొట్టును. ఒండొంటికి 90 అడుగుల దూరమున నాలుగు మజిలీలు గలవు. వాని నన్నిటిని వరుసగా తాకి, బయలుదేఱిన తావునకే మరలి వచ్చినయెడల ఒక పరుగు. ఆ తావునకు వారు 'ఇల్లు' అని పేరిడిరి. ఒక్కొక్క పక్షమునకు తొమ్మిది విడుతలు. విడుతకు ముగ్గురు ఔటగువఱకు ఆడుదురు. 2023వ సంవత్సరమునుండి పెద్ద పోటీలలో బంతికి బంతికి నడుమ గడియారము పెట్టిరి. అది నాకు రుచింపలేదు. అయినను ఆట యిన్ని గంటలకు ముగియవలెనను కట్టడి లేదు. చివరివాడు ఔటగువఱకు ఓడుచున్న పక్షమునకు త్రోవ మూయబడదు. మఱియొక విశేషము: ఇందు గొప్పవాడును పలుమాఱు తప్పును. 1941లో టెడ్ విలియమ్సు సాధించిన సగటు .406, అనగా లెక్కకు వచ్చిన పది ప్రయత్నములలో సుమారు ఆఱు విఫలములే. ఆ యేటి యాటను నేటికిని పొగడుచున్నారు. పరీక్షలో పదింట ఆఱు తప్పిన బాలుని మనము పొగడము!

చికాగో నగరపు కబ్సు పక్షము 1908లో వరల్డ్ సిరీస్ అను మహాపోటీని గెలిచినది. మరల గెలుచుటకు 108 సంవత్సరములు పట్టెను. 1945లో ఆ పోటీ వఱకు వచ్చియు ఓడిపోయిరి. ఒక పానశాల యజమాని తన మేకతో ఆటస్థలమునకు రాగా వెళ్ళగొట్టిరనియు, అతని శాపము తగిలెననియు జనులు చెప్పుకొనిరి. పిల్లి యెదురైన వెనుకకు మరలు మన యూరివారికిని వీరికిని భేదమేమి? తాతలు ఎదురుచూచి చనిపోయిరి, తండ్రులును చనిపోయిరి, ప్రతి వసంతమునను మనుమలు ఆటస్థలమునకు పోవుచునేయుండిరి.

2016 నవంబరు 2వ తేదీ రాత్రి క్లీవ్‌లాండులో ఏడవ ఆట. మొదటి నాలుగింట మూడు ఓడి, పిమ్మట వరుసగా రెండు గెలిచి కబ్సువారు అచ్చటికి చేరిరి. తొమ్మిది విడుతలు ముగియునప్పటికి పరుగులు సమము. వర్షము 17 నిమిషములు ఆటను నిలిపెను. పదవ విడుతలో 8–7తో కబ్సువారు గెలిచిరి. ఆ దినములలో చికాగోలోని రిగ్లీ ఫీల్డు ఇటుకగోడలమీద జనులు సుద్దముక్కలతో పేర్లు వ్రాసిరి. అందు అనేకములు, ఈ దినమును చూడక గతించిన తమవారి పేర్లు.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక 11వ అధ్యాయము చదువునప్పుడెల్ల నాకా గోడలు జ్ఞాపకము వచ్చును. అబ్రాహాము మొదలగువారు వాగ్దానఫలమును దూరమునుండి మాత్రమే చూచి గతించిరని అచ్చట నున్నది గదా. అయితే పోలికను మితిమీఱి లాగరాదు. అదే రాత్రి క్లీవ్‌లాండువారును ఎదురుచూచుచుండిరి. 1948 తరువాత వారు గెలిచినది లేదు. ఒకరి యుత్సవము వేఱొకరి దుఃఖమగు నిరీక్షణ క్రైస్తవుని నిరీక్షణ గాదు. పైగా ఆట చూచువాడు ఏమి జరుగునో యెఱుగక ఎదురుచూచును. క్రైస్తవుడు ఎదురుచూచునది మాట యిచ్చినవానిని, మూడవ దినమున సమాధిని విడిచినవానిని.

ఇచ్చట బుద్ధిమంతుడగు విద్యార్థి యొక ప్రశ్న వేయవచ్చును. అన్యాయమునకు లోనైనవానితో 'నిరీక్షింపుము' అనుట సుఖముగా కూర్చున్నవానికి సులభము గదా? ఊరిబావికి ఎడముగా నిలువబెట్టబడిన వారి మనుమలు మీలో ననేకులున్నారు. ఈ ప్రశ్న నడుగుటకు మీకు హక్కు గలదు.

జవాబు బేస్‌బాల్ చరిత్రలోనే యున్నది. తరువాత కబ్సు అని పిలువబడిన ఆ చికాగో పక్షముననే 1883 మొదలు 1887 వఱకు ఆడిన బిల్లీ సండే, 1891లో ఆట విడిచి ప్రసిద్ధ సువార్తికుడయ్యెను. అప్పటి ఆ పక్షపు నాయకుడు కాప్ ఆన్సన్, నల్లజాతివారితో ఆడ నిరాకరించినవారిలో ముఖ్యుడు. ఒక్క పక్షముననే ఇరువురు! ఆ కాలము మొదలు 1947 వఱకు పెద్ద పోటీల తలుపులు నల్లజాతివారికి మూయబడియుండెను. బ్రూక్లిన్ పక్షపు అధికారి బ్రాంచ్ రికీ మెథడిస్టు. ఆదివారమున ఆటస్థలమునకు పోనివాడు. అతడు 1945 ఆగష్టులో జాకీ రాబిన్సన్‌ను పిలిపించి, జనులు దూషించినను మాఱు కొట్టక సహింపగలవా యని యడిగెను. తానును మెథడిస్టుగా పెరిగిన రాబిన్సన్ ఒప్పుకొని, 1947 ఏప్రిల్ 15న బరిలో దిగెను. దూషణలు వచ్చెను, చంపెదమను ఉత్తరములు వచ్చెను. అతడు మాఱు పలుకలేదు గాని, ఊరక కూర్చుండలేదు. ఆ యేటనే తన లీగులో అందఱికంటె ఎక్కువ మజిలీలు దొంగిలించి, ఉత్తమ నూతన క్రీడాకారుడను బహుమానము పొందెను. కొన్ని యేండ్లకు ఆ కట్టుబాటు తీఱినపిమ్మట నోరు విప్పి, చనిపోవువఱకు న్యాయముకొఱకు మాటాడెను.

1972 అక్టోబరు 15న వరల్డ్ సిరీస్ సమయమున తన్ను సన్మానించిన చోటనే, పక్షమును నడుపు మేనేజరుగా ఒక నల్లజాతివానిని చూచినప్పుడు తాను మఱింత సంతసింతునని చెప్పెను. తొమ్మిది దినములకు మరణించెను. 1975 ఏప్రిల్ 8న ఫ్రాంక్ రాబిన్సన్ అనునతడు (వీరు బంధువులు కారు) మేనేజరుగా నిలిచెను. ఆ పక్షము క్లీవ్‌లాండు. ఆ దినమున ఆటకు ముందు తొలిబంతి విసరినది జాకీ రాబిన్సన్ భార్య రేచెల్.