బరువు తూచే ముందు రాత్రి

మీ అబ్బాయి కాలేజీలో చేరిన ఏడాదే కుస్తీ మొదలుపెట్టాడనుకోండి. లేదా అమ్మాయి బాక్సింగ్ గ్లవ్స్ కొనిపెట్టమని అడిగిందనుకోండి. జూబ్లీహిల్స్ బంగళాలోనైనా ఫిల్మ్‌నగర్ బస్తీలోనైనా వెంటనే వచ్చే ప్రశ్నలు రెండే. దెబ్బలు తగలవా? చదువేమవుతుంది? రెండూ అడగాల్సినవే. మూడో ప్రశ్న మాత్రం చాలా ఇళ్లలో ఎవరూ అడగరు. ‘ఏ బరువులో ఆడుతున్నావు నాన్నా? ఆ బరువుకు ఎలా దిగుతున్నావు?’ ఈ ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

కుస్తీలో ఎవరు ఎవరితో తలపడాలో ముందు కాటా నిర్ణయిస్తుంది. మగపిల్లల ఫ్రీస్టైల్‌లో 57 కిలోల నుంచి 125 దాకా పది విభాగాలున్నాయి. వాటిలో ఒలింపిక్స్‌లో ఉండేవి ఆరే. మీవాడి మామూలు బరువు 76 కిలోలైతే 74లో ఆడాలా, 79లో ఆడాలా అన్నది వాడి సీజన్ మొత్తాన్ని నడిపించే నిర్ణయం. కాలేజీల మధ్య పోటీలు, యూనివర్సిటీ జట్టు ఎంపిక, ఆ తర్వాత అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలు, అన్నిటికీ ముందు కాటా ఎక్కాలి. కింది విభాగంలో తనకన్నా చిన్నవాళ్లు దొరుకుతారన్న ఆశతో పిల్లలు 70కి దిగిపోదామనుకుంటారు. అవతలివాడూ అదే లెక్క వేసుకుని 76 నుంచే దిగి వస్తాడని ఆ వయసులో తట్టదు. చివరికి ఇద్దరూ నీరసంతో మ్యాట్ మీద నిలబడతారు.

మన ఇలాకాలో ఈ మాట మరీ గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2007లో ‘దేశముదురు’లో అల్లు అర్జున్ సిక్స్‌ప్యాక్ చూపించాక, 2012లో ‘పూలరంగడు’ కోసం సునీల్ ఒళ్లు మార్చుకున్నాక, జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ నుంచి ఫిల్మ్‌నగర్ దాకా జిమ్‌లలో అదే పెద్ద చదువైంది. చొక్కా లేని సీన్ ఉన్న రోజుకు కండ గీతలు పడాలంటే ముందురోజు నుంచి నీళ్లు, ఉప్పు ఎంత తగ్గించాలో చెప్పేవాళ్లు ఇక్కడ సులువుగా దొరుకుతారు. మీవాడు కోచ్‌ను అడగడానికి మొహమాటపడి వాళ్లలో ఒకరిని అడుగుతాడు. అడిగాడంటే తప్పు వాడిది కాదు, చుట్టూ ఉన్న గాలి అలాంటిది. అయితే కెమెరా ముందు ఎండిన ఒంటితో నిలబడితే చాలు, షాట్ ఓకే అనగానే నీళ్ల సీసా అందుతుంది. కుస్తీలో ఆ ఎండిన ఒంటితోనే ఆరు నిమిషాలు పెనుగులాడాలి. గంట తర్వాత మళ్లీ ఆడాలి. సినిమావాళ్ల పద్ధతి వాళ్ల పనికి సరిపోతుందేమో గానీ మీ పిల్లవాడి పనికి సరిపోదు. ఈ ఒక్క తేడా వాడికి అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం పని అయినట్టే.

నిఖత్ జరీన్ గురించి మీకు తెలిసే ఉంటుంది. కుస్తీ కాదు, బాక్సింగ్. కాటా కష్టం రెండిటికీ ఒకటే. నిజామాబాద్ అమ్మాయి, తండ్రి మహమ్మద్ జమీల్ అహ్మద్ స్వయంగా ఆటగాడు. పదమూడేళ్ల వయసులో ఆయనే చేయిపట్టి రింగ్ దగ్గరికి తీసుకెళ్లాడు. 2011లో టర్కీలోని అంటాల్యాలో జూనియర్ ప్రపంచ చాంపియన్ అయింది. హైదరాబాద్ ఏవీ కాలేజీలో బీఏ చదువుతూ 2015లో జలంధర్‌లో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో స్వర్ణంతో పాటు ఉత్తమ బాక్సర్‌గా నిలిచింది. 2022 మే 19న ఇస్తాంబుల్‌లో 52 కిలోల విభాగంలో ప్రపంచ విజేత అయింది. మరుసటి నెలలో రాష్ట్ర ప్రభుత్వం ఆమెకు 2 కోట్ల రూపాయలు, బంజారాహిల్స్‌లో గానీ జూబ్లీహిల్స్‌లో గానీ ఇంటిస్థలం ప్రకటించింది. మన వీధుల్లో ఆమె పేరు అప్పుడు మార్మోగింది.

పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేదు. 50కి దిగాలి. దిగింది కూడా. అదే 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో, 2023లో ఢిల్లీ ప్రపంచ పోటీల్లో 50 కిలోల్లోనే స్వర్ణాలు గెలిచింది. అంటే బరువు తగ్గడం తెలియని మనిషి కాదు. అయినా 2024 ఆగస్టు 1న పారిస్‌లో చైనా బాక్సర్ వూ యు చేతిలో 0-5తో ఓడిపోయాక ఆమె చెప్పిన మాటలు ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవాలి. బరువు కోసం రెండు రోజులు తిండి తినలేదని, నీళ్లు తాగలేదని, కాటా అయ్యాక కోలుకునే సమయం దొరకలేదని చెప్పింది. వెనక ఫిజియోలు, డాక్టర్లు ఉన్న ప్రపంచ చాంపియన్ పరిస్థితే అది. హాస్టల్ గదిలో యూట్యూబ్ చూసి బరువు తగ్గే రెండో సంవత్సరం కుర్రాడి సంగతి ఆలోచించండి.

అదే పారిస్‌లో వారం తిరక్కుండానే రెజ్లర్ వినేశ్ ఫోగట్ సంగతి దేశమంతా చూసింది. మొదటిరోజు 50 కిలోల కాటా దాటి, మూడు బౌట్లు గెలిచి ఫైనల్ చేరింది. గెలిచిన ఒంటికి తిండి, నీళ్లు పడ్డాయి, బరువు పెరిగింది. రాత్రంతా కసరత్తు చేసి, చెమటలు కక్కి, జుట్టు కత్తిరించుకున్నా తెల్లవారి 100 గ్రాములు ఎక్కువ చూపించింది. పోటీ నుంచే తప్పించారు. ఆమె అంతకుముందు 53 కిలోల్లో ఆడేది. రియో ఒలింపిక్స్‌కు ముందు కూడా ఒక అర్హత పోటీలో 400 గ్రాముల తేడాతో బయటికి వచ్చేసింది. ఆమె పట్టుదలను నేను గౌరవిస్తాను. కానీ మీ పిల్లలకు ఆ రాత్రిని వీరగాథలా చెప్పకండి. అలా చెబితే వాళ్లూ అలాంటి రాత్రి కోసమే తయారవుతారు.

ఇంకో సంగతి బరువైనది, అయినా చెప్పక తప్పదు. 1997 చివర్లో అమెరికాలో నెల రోజులు అటూ ఇటూగా ముగ్గురు కాలేజీ రెజ్లర్లు చనిపోయారు. ముగ్గురూ 19 నుంచి 22 ఏళ్ల మధ్యవాళ్లు. ముగ్గురూ సీజన్ మొదట్లో కాటా కోసం రబ్బరు సూట్లు వేసుకుని, వేడిలో చెమటలు కార్చుకుంటూ కసరత్తు చేస్తున్నవాళ్లే. ఆ తర్వాత అక్కడి కాలేజీ క్రీడల సంస్థ ఎన్‌సీఏఏ రబ్బరు సూట్లు, ఆవిరి గదులు నిషేధించింది. సీజన్ మొదలవకముందే ఒంట్లో నీరు, కొవ్వు కొలిచి ఒక్కొక్కరు ఎంత కిందికి దిగవచ్చో నిర్ణయించే పద్ధతి పెట్టింది. వారానికి ఒంటి బరువులో ఒకటిన్నర శాతం మించి తగ్గకూడదన్నది. 76 కిలోల కుర్రాడికి అది కిలో నూట నలభై గ్రాములు. మీ ఇంట్లో కూడా ఈ లెక్కనే హద్దుగా పెట్టుకోవచ్చు.

ఇంట్లో ఏం గమనించాలి? ఎండాకాలంలో కేబీఆర్ పార్కు చుట్టూ జాకెట్ మీద రెయిన్‌కోటు వేసుకుని పరుగెత్తడం. గది తలుపు మూసుకుని వేడినీళ్ల ఆవిరిలో కూర్చోవడం. సీసా పక్కన పెట్టుకుని అందులో ఉమ్ముతూ ఉండడం. నాలుగు రోజులు ‘ఆకలి లేదమ్మా’ అనడం, పోటీ అయిన రాత్రి మాత్రం ఆపకుండా తినడం. మూత్రం ముదురు పసుపు రంగులో రావడం, కాళ్లు పట్టేయడం, చీటికిమాటికి విసుగు. ఇవన్నీ ఒకటే మాట చెబుతున్నాయి, బరువు తప్పుదారిలో దిగుతోందని. గుండె దడదడలాడినా, కళ్లు తిరిగి పడిపోయినా, మాట తడబడినా మాత్రం కాటా సంగతి వదిలేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఒంటి బరువులో రెండు శాతం నీరు పోతేనే దమ్ము తగ్గుతుంది, ఏ పట్టు ఎప్పుడు వేయాలన్న తెలివి మొద్దుబారుతుంది. డెబ్బై కిలోల మనిషికి రెండు శాతమంటే లీటరున్నర కూడా కాదు.

పెద్దవాళ్లు బీపీకో కాళ్ల వాపుకో వాడే మూత్రం మాత్రలు ఇంట్లో ఉంటే తాళం వేసి పెట్టండి. వాటివల్ల ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది. పైగా ఆ మందులు పోటీ ఉన్న రోజైనా లేని రోజైనా డోపింగ్ జాబితాలో నిషిద్ధమే. డోపింగ్ నిరోధక సంస్థ నాడా పరీక్షలో దొరికితే ‘మా తాతయ్య మాత్ర’ అన్న వివరణ పతకాన్ని కాపాడదు. డబ్బాల్లో వచ్చే పొడుల విషయంలోనూ ఇదే జాగ్రత్త, లేబుల్ మీద రాయనివి అందులో ఉండవచ్చు. కలియుగ భీముడని పేరు తెచ్చుకున్న కోడి రామ్మూర్తి నాయుడు శాకాహారి అన్న సంగతి పిల్లలకు చెప్పండి. పొడి లేకపోతే కండ రాదన్న భయం కాస్త తగ్గుతుంది.

అమ్మాయిల విషయం వేరుగా చెప్పాలి. తిండి చాలకపోతే ఒళ్లు ముందుగా ఆపేది నెలసరిని. ‘ఆటవాళ్లకు మామూలే’ అని అమ్మాయి అంటే నమ్మకండి. రెండు మూడు నెలలు రాకపోతే ఎముకలు కూడా బలహీనపడే దారిలో ఉన్నాయని అర్థం. అమ్మ అడగగలిగినంత సులువుగా ఈ మాట కోచ్ అడగలేడు. బరువును మాత్రం పొగడ్తగానో ఎగతాళిగానో ఇంట్లో ఎప్పుడూ తీసుకురాకండి. సన్నబడ్డావు, బాగున్నావు అని చుట్టాలు అనే ఊళ్లోనే, రోజూ కెమెరా కోసం తయారయ్యే మనుషుల మధ్యనే మన పిల్లలు పెరుగుతున్నారు. ఆటకు కావాల్సిన బరువు, అందం కోసం అనుకునే బరువు ఒకటే అన్న భ్రమ ఈ కొండల మీద పుట్టినంత తేలిగ్గా మరెక్కడా పుట్టదు.

మా తెలంగాణ జాతరల కుస్తీలు చూశారా? అక్కడ కాటా ఉండదు. పెద్దలు ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టి కంటితోనే జోడీ కడతారు. కొబ్బరికాయ కుస్తీతో మొదలై వెండి కడెం కుస్తీతో ముగుస్తుంది. దానికోసం ఎవరూ పస్తులుండరు. ఆ పద్ధతి కాలేజీ పోటీలకు కుదరదు, నాకూ తెలుసు. కానీ ఒంటిని చూసి జోడీ కట్టే ఆ పెద్దల చూపు మీకూ ఉండాలి. పిల్లవాడు నిండుగా తిని, నిండుగా నిద్రపోయి, తేలిగ్గా ఊపిరి తీస్తూ ఉన్నప్పుడు ఎంత తూగుతాడో అదే వాడి బరువు. దానికి దగ్గరగా ఉన్న విభాగమే వాడిది. 76 తూగేవాడు నాలుగైదు వారాల్లో నిదానంగా 74కు రావచ్చు. రాత్రికి రాత్రి 70కి రాకూడదు. ఇంకా ఎదిగే వయసైతే 79కి వెళ్లడమే మేలు. ఒక సీజన్ ఓడిపోతాడేమో. ఓడిపోనివ్వండి. వచ్చే ఏడు ఆ బరువుకు బలం కూడా తోడవుతుంది.

పై విభాగానికి వెళ్లమని తల్లిదండ్రులు చెప్పడానికి జంకుతారు, స్పోర్ట్స్ కోటా సర్టిఫికెట్ పోతుందేమోనని. మీ భయం అర్థమవుతుంది. కృష్ణానగర్‌లో, ఫిల్మ్‌నగర్ బస్తీల్లో లైట్‌మన్‌గానో జూనియర్ ఆర్టిస్టుగానో రోజుకూలీ మీద బతికే ఇంటికి ఆ కాగితం నిజంగానే ఒక దారి. అయితే ఆ కాగితం ఒక్క సీజన్‌లోనే రావాలని లేదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకు 25 ఏళ్ల దాకా వయసుంది. నిఖత్ 2017లో భుజం గాయంతో నెలల తరబడి రింగ్‌కు దూరమైంది, 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగి వచ్చింది. పారిస్ ఓటమి తర్వాతి నెలలోనే పోలీసు శాఖలో డీఎస్పీ ఉద్యోగం ఇచ్చారు. 2025 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో జరిగిన వరల్డ్ బాక్సింగ్ కప్ ఫైనల్స్‌లో 51 కిలోల విభాగంలో మళ్లీ స్వర్ణం గెలిచింది. మొదట్లో ముఖం మీద దెబ్బలతో ఇంటికి వచ్చినప్పుడు, ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని తల్లి పర్వీన్ సుల్తానా ఏడ్చిందట. పేరొస్తే పెళ్లికొడుకులు వరుస కడతారని కూతురే ఊరడించింది. అప్పుడు ఆ ఇంట్లో ఎవరైనా ఒక్క ఏడాదికే లెక్క తేల్చేసి ఉంటే మనకు ఆ పేరే తెలిసేది కాదు.

కోచ్ సార్‌ను కలిసేటప్పుడు పిల్లవాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి. వాడి వెనక మాట్లాడితే ఇద్దరికీ మీ మీద నమ్మకం పోతుంది. పట్టుల గురించి, ఎవరిని ఎలా ఓడించాలన్నదాని గురించి మీరు ఒక్కమాటా అనకండి, అది ఆయన పని. ‘మావాడి మామూలు బరువు ఇంత, ఏ విభాగం అనుకుంటున్నారు, ఎన్ని వారాల్లో?’ అని అడగండి. మంచి కోచ్ ఈ ప్రశ్నకు సంతోషిస్తాడు. ‘రెండు రోజుల్లో దింపేస్తాం, మీకెందుకు’ అంటే వేరే కోచ్‌ను వెతుక్కోవడంలో మొహమాటం వద్దు.

షూటింగ్‌లకు వెళ్లేవాళ్ల ఇళ్లలో రాత్రి భోజనం పదకొండు దాటుతుంది. ఆటవాడికి ఏడున్నరకే పెట్టేయండి, మీరు ఇంట్లో లేకపోయినా వండి పెట్టి వెళ్లండి. కాటా రోజున సంచిలో పెరుగన్నం, అరటిపండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ, ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు పెట్టండి. అట్టపెట్టెల్లో ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని అమ్మే తియ్యని పానీయాలు కాదు. వాటి మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితేనే 2025 అక్టోబర్‌లో ఆ పేరు వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసినదని రాసి ఉన్న ప్యాకెట్ చూసి కొనండి, లీటరు నీళ్లలో కలిపి గుక్కగుక్కగా తాగమనండి. గెలిచి వచ్చినా ఓడి వచ్చినా ఫోన్‌లో మొదట అడగాల్సింది స్కోరు కాదు. ఏమైనా తిన్నావా అని అడగండి, వాడు చెప్పేదాకా ఆగండి.