ఎండుటాకుల్లో పింజరి

భద్రాచలం

అమ్మలూ,

"కన్ను చూసినదాన్నే మెదడు తీసుకుంటుంది కదా తాతయ్యా, మధ్యలో ఈ రసాయనాలకేం పని?" అని మొన్న ఖమ్మం నుంచి ఫోన్లో అడిగావు. మంచి ప్రశ్న. తీరిగ్గా రాస్తున్నాను.

దుమ్ముగూడెం వైపు బడిలో పనిచేసే రోజుల్లో, ఒక వేసవి పొద్దున తునికాకు కోతకు పోయేవాళ్లతో అడవిలోకి నడిచాను. ముందు పోతున్న కోయ అవ్వ ఠక్కున ఆగి చెయ్యి అడ్డం పెట్టింది. "ఆగు సారూ!" నాకు ఎండుటాకులే కనిపించాయి. ఆమె కర్ర చూపిన చోట చూపు నిలిపితే, ఆకుల నడుమ గొలుసు మచ్చలు, ఊపిరికి మెల్లగా కదిలే ఒళ్లు. రక్తపింజరి! ఇద్దరి కళ్లలోనూ పడ్డది ఒకే వెలుగు. చూసింది మాత్రం అవ్వే.

కంటిపొర మీద పడ్డ వెలుగు నరాల సంకేతంగా మారి, తల వెనక భాగంలోని దృష్టి వల్కలానికి చేరుతుంది. మీ పుస్తకంలో విజువల్ కార్టెక్స్ అంటారు. అక్కడ ఒక్కో కణం ఒక్కో వాలు గీతకు పలుకుతుందని హ్యూబెల్, వీసెల్ అనే శాస్త్రవేత్తలు కనుక్కున్నారు. 1981లో నోబెల్ అందుకున్నారు. అయితే ఆ కణం ఎంత గట్టిగా పలకాలన్నది కంటి కబురు ఒక్కటే తేల్చదు. మెదడు లోతుల్లోంచి వచ్చే నరాల కొసలు అక్కడ అసిటైల్‌కోలిన్, నారెడ్రినలిన్, సెరటోనిన్ వదులుతుంటాయి. అవి బొమ్మను మోసుకురావు, వచ్చిన బొమ్మలో దేనికి బలమివ్వాలో చూస్తాయి. నీళ్లు తెచ్చేది కాలవ, ఏ మడికి ఎంత పారాలో తేల్చేది మడవ. అలాగన్నమాట.

2008లో కోతులపై చేసిన ప్రయోగం చూడు. కోతి ఒక చోట దృష్టి పెడితే ఆ చోటుకు చెందిన కణాలు మరింత పలికాయి. కొద్దిగా అసిటైల్‌కోలిన్ అందిస్తే ఆ తేడా పెరిగింది. స్కోపలమైన్‌ అనే మందుతో అసిటైల్‌కోలిన్ పనిని అడ్డుకుంటే తగ్గింది.

ఆ స్కోపలమైన్ మన దిబ్బల మీది ఉమ్మెత్తలో ఉంటుంది. ఉమ్మెత్త గింజలు మింగినవాళ్ల కంటిపాపలు విప్పారి దగ్గరి వస్తువులు మసకబారతాయి. అది కంటి సంగతి. కానీ లేని మనుషులతో మాట్లాడటం, గాలిలో దేన్నో ఏరుకోవడం మెదడు సంగతి. ఉమ్మెత్తను నోటి దగ్గరికి కూడా రానివ్వకు.

మన పత్తి చేలలో దీనికి ఎదురు కథ. కొన్ని పురుగుమందులు అసిటైల్‌కోలిన్‌ను విరగ్గొట్టే ఎంజైమును ఆపేస్తాయి. రసాయనం పేరుకుపోయి కంటిపాప సూదిమొనంత అవుతుంది, చూపు మసకేస్తుంది, ఊపిరి కష్టమవుతుంది. ఆస్పత్రిలో విరుగుడుగా ఇచ్చే అట్రోపిన్ కూడా ఉమ్మెత్తలో ఉండేదే. తక్కువైనా ఎక్కువైనా ప్రమాదమే తల్లీ.

ఇక నీ చదువుకు పనికొచ్చే మాట. పిల్లి కూనకు ఒక కన్ను మూసి ఉంచితే దాని దృష్టి వల్కలం తెరిచిన కంటివైపు మళ్లుతుంది. అసిటైల్‌కోలిన్, నారెడ్రినలిన్ దారులు రెండూ దెబ్బతింటే ఆ మార్పు బాగా తగ్గిపోతుందని బేర్, సింగర్ అనే శాస్త్రవేత్తలు 1986లో చూపారు. కంట్లో పడ్డంత మాత్రాన మెదడు మారదు. మెలకువగా, పట్టించుకుని చూసే వేళ ఊరే ఈ రసాయనాలు ఉంటేనే అది కొత్త గీత గీసుకుంటుంది. అవ్వ చూపు ఆ అడవిలో ఏళ్ల తరబడి అలా పదునెక్కిందే. నిద్ర ఆపుకుంటూ తిప్పిన పేజీలు కూడా అందుకే నిలవవు. కంటినిండా నిద్రపోయి, తెల్లారాక చదువు.

సెలవులకు వచ్చినప్పుడు ఆ దారినే తీసుకెళ్తాను. బూట్లు వేసుకుని రా. అవ్వ నేర్పినట్టు, ముందు ఆకుల్ని చూడటం నేర్చుకుందాం.

ప్రేమతో,
తాతయ్య