ఎన్నికల ఫలితం మీద ‘షేరు’ కొనొచ్చా?

యాకుత్‌పురా నుంచి ఒక పాఠకుడు అడిగారు: “అమెరికాలో ఉండే మా బావమరిది అక్కడి ఎన్నికలప్పుడు ఒక యాప్‌లో ఫలితం మీద షేర్లు కొన్నాడు. అక్కడ అది చట్టబద్ధమేనట. మన ఎన్నికల మీద కూడా అలాంటివే నడుస్తున్నాయని ఇక్కడి స్నేహితుడు లింక్ పంపాడు. ఇది పందెం కాదు, ట్రేడింగ్ అంటున్నాడు. నేను డబ్బు పెట్టొచ్చా?”

పెట్టకూడదు. తెలంగాణలో ఉంటూ ఎన్నికల ఫలితం మీద డబ్బు కాయడానికి చట్టం ఒప్పుకునే దారి ఏదీ లేదు. ఎందుకు లేదో తెలిస్తే రేపు ఇదే యాప్ ఇంకో పేరుతో వచ్చినా మీరు మోసపోరు.

ఈ యాప్‌లలో ఫలానా అభ్యర్థి గెలుస్తారా అన్న ప్రశ్న కింద ‘అవును’, ‘కాదు’ అని రెండు బటన్లు ఉంటాయి. ‘అవును’ ధర 62 సెంట్లు ఉందనుకోండి. ఆ అభ్యర్థి గెలిస్తే మీకు ఒక డాలరు వస్తుంది, ఓడితే పెట్టిందంతా పోతుంది. ఫలితం వచ్చేలోపు ధర పెరిగితే అమ్ముకోవచ్చు. దీన్ని ట్రేడింగ్ అంటున్నది ఈ అమ్ముకునే వీలును చూసే. అమెరికాలో కమోడిటీ ఫ్యూచర్స్ ట్రేడింగ్ కమిషన్ ఎన్నికల కాంట్రాక్టులు వద్దంటే కాల్షీ అనే కంపెనీ కోర్టుకెక్కింది. 2024 సెప్టెంబరులో వాషింగ్టన్‌లోని ఫెడరల్ కోర్టు కంపెనీ పక్షాన తీర్పిచ్చింది. ఆ తీర్పు అమెరికా చట్టం మీద వచ్చింది. చార్మినార్ దగ్గర కూర్చుని ఫోన్ నొక్కేవారికి అది ఏ రక్షణా ఇవ్వదు.

మన రాజ్యాంగం పందేలు, జూదం విషయాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. అందుకే గోవాలో నడిచే క్యాసినో ఇక్కడ నడవదు. మనకు వర్తించేది 1974 నాటి గేమింగ్ చట్టం. 2017లో తెలంగాణ దాన్ని బాగా బిగించింది. ఫలితం తెలియని ఏ సంఘటన మీదైనా డబ్బు పణంగా పెట్టడం పందెమేనని, అది నైపుణ్యం ఉన్న ఆట అయినా సరేనని నిర్వచనంలోనే చేర్చింది. ఆన్‌లైన్‌నూ ఇందులోకి తెచ్చింది. ఓట్ల లెక్కింపు కంటే ముందు ఎన్నికల ఫలితం ఎవరికి తెలుసు?

రాజకీయం తెలిసినవాడికి ఇది అదృష్టం కాదు, నైపుణ్యం అని వాదించేవాళ్లున్నారు. ఆ వాదనకు మూలం మన ఊళ్లోనే ఉంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేసిన కేసులో, రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడే ఆట అని 1967లో సుప్రీంకోర్టు చెప్పింది. 2017 సవరణ వచ్చాక తెలంగాణలో ఆ తీర్పును నమ్ముకుని డబ్బు కాయడం ప్రమాదం. మలక్‌పేటలో గుర్రాల మీద కాస్తున్నారు కదా అంటారా? గుర్రప్పందేలకు చట్టమే షరతులతో మినహాయింపు ఇచ్చింది. ఎన్నికలకు ఇవ్వలేదు.

దీనికి తోడు పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి డబ్బు ఆశించే ఆన్‌లైన్ ఆటలను, నైపుణ్యమా అదృష్టమా అని చూడకుండా, అది నిషేధించింది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ప్రచారం చేసేవారికి రెండేళ్లు, 50 లక్షలు. ఆ చట్టం ఆడేవారికి శిక్ష పెట్టలేదు. అది చూసి ధైర్యపడకండి, రాష్ట్ర చట్టం ఆడేవారినీ శిక్షిస్తుంది. ఇక ‘ట్రేడింగ్’ సంగతి. ఒపీనియన్ ట్రేడింగ్ వేదికలు తన పరిధిలో లేవని, అక్కడ మదుపరులకు రక్షణ ఉండదని సెబీ 2025 ఏప్రిల్‌లోనే హెచ్చరించింది. గెలుపు మీద 30 శాతం పన్ను కట్టినంత మాత్రాన కూడా తప్పు ఒప్పు అయిపోదు.

గెలిచినా డబ్బు ఇవ్వకపోతే? 1872 కాంట్రాక్టు చట్టం 30వ సెక్షన్ ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు. గెలిచిన సొమ్ము కోసమూ, మధ్యవర్తి చేతిలో ఉంచిన పందెం సొమ్ము మీద గెలిచానన్న హక్కుతోనూ దావా వేయలేరు. కోర్టు తలుపు మూసుకున్నాక మిగిలేది బుకీ మనుషుల బెదిరింపులే.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇంకొకటి ఉంది. డబ్బు వేయడానికి యాప్ ఇచ్చే క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, తెరమీద వచ్చే పేరు చూడండి. చాలాసార్లు అక్కడ కంపెనీ పేరుండదు, ఏ కిరాణా దుకాణం పేరో, ఎవరో విద్యార్థి పేరో ఉంటుంది. కొద్దిపాటి కమీషన్‌కు ఖాతా, ఏటీఎం కార్డు, సిమ్ అప్పగించిన పిల్లలు వాళ్లు. కేసు పడ్డప్పుడు పోలీసులు ముందు వచ్చేది ఆ ఇంటికే. దయచేసి మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలతో ఈ రాత్రే ఈ విషయం మాట్లాడండి.

పందెం ఓటును కూడా పాడు చేస్తుంది. 2023 అసెంబ్లీ ఎన్నికల్లో మీ యాకుత్‌పురా ఫలితం 878 ఓట్ల తేడాతో తేలింది. అలాంటి చోట లక్షలు కాసినవాడు తన పందెం నిలబెట్టుకోవడానికి ఓట్లు కొనడానికి వెనకాడడు. ఓటుకు డబ్బు ఇవ్వడమే కాదు, తీసుకోవడమూ భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద నేరం.

ఇప్పటికే డబ్బు పోగొట్టుకుని ఉంటే, యాప్ మోసం చేసిందనిపిస్తే వెంటనే 1930కి ఫోన్ చేయండి. చెల్లింపు రసీదులు, చాట్‌లు చెరపకండి. కేసు వల్ల మీ బ్యాంకు ఖాతా స్తంభింపజేస్తే ఏ పోలీస్ స్టేషన్, ఏ కేసు నంబరు అన్నది బ్యాంకును రాతపూర్వకంగా అడగండి. దాన్ని విడిపించమని మేజిస్ట్రేట్ కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు.

పోలీసులు పిలిస్తే పారిపోవద్దు. ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అవసరం లేదనుకుంటే నాగరిక్ సురక్షా సంహిత 35(3) కింద ముందు నోటీసు ఇవ్వాలి. నోటీసు ప్రకారం హాజరవుతుంటే, కారణాలు రాసుకోకుండా అరెస్టు చేయకూడదు. చేస్తే ఎందుకో చెప్పాలి, మీ ఇంట్లోవాళ్లకు తెలపాలి, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. సోదాలను వీడియో తీయాలి. దర్యాప్తులో మీరు చెప్పింది పోలీసులు రాసుకుంటే దాని మీద మీరు సంతకం పెట్టనక్కర్లేదు. తెల్లకాగితం మీద అసలే పెట్టవద్దు.

లాయరుకు డబ్బు లేదని ఆగిపోకండి. పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయసేవాధికార సంస్థ ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, కస్టడీలో ఉన్నవారికి, చట్టం చెప్పిన మరికొన్ని వర్గాలకు ఆదాయంతో పని లేకుండా, మిగిలినవారికి ఆదాయ పరిమితిని బట్టి ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. వెళ్లలేకపోతే 15100కి ఫోన్ చేయండి. ఆధార్, నోటీసు నకలు, బ్యాంకు స్టేట్‌మెంట్ దగ్గర పెట్టుకుని మాట్లాడండి.